మొహమాటం ఇంట్లో వదిలి బండెక్కండి

నగరానికి బయల్దేరే ముందు మన ఉత్తరాంధ్ర ఇళ్లలో సంచులు సర్దడం పెద్ద కార్యక్రమం. పలాస జీడిపప్పు ఒక పక్క, అరిసెల డబ్బా ఇంకో పక్క, ఆవకాయ సీసాకి నాలుగు పొరల కాగితం. విశాఖలో కౌన్సెలింగ్ అయినా, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అయినా, చెన్నైలో వైద్యమైనా, ఊరికే చార్మినార్, ట్యాంక్‌బండ్ చూసి రావడానికైనా ఈ సర్దుడులో లోటుండదు. తీసి ఇంట్లో పెట్టేయాల్సిన బరువును మాత్రం ఎవరూ తీయరు. దాని పేరు మొహమాటం.

నగరంలో దెబ్బతిని వచ్చినవాళ్ల కథలు నాలుగు విని చూడండి. ‘ఆటో ఎక్కేముందు ఎంతని అడగడానికి మొహమాటపడ్డాను.’ ‘పక్క సీటాయన అంత ప్రేమగా బిస్కెట్ ఇస్తే వద్దనలేకపోయాను.’ ‘బస్సులో వాడు మీదమీదకి వస్తుంటే అరిస్తే అందరూ చూస్తారని ఊరుకున్నాను.’ దొంగ వేరు, ఊరు వేరు. దొంగకి తలుపు తీసింది మాత్రం ప్రతిచోటా ఒక్కటే.

తాళాలు, గొలుసులు, హెల్ప్‌లైన్ నంబర్లు అన్నీ అవసరమే. వాటిని వాడుకోవాలంటే మూడు ధైర్యాలు కావాలి. అడిగే ధైర్యం, కాదనే ధైర్యం, అరిచే ధైర్యం. ఈ మూడూ నేర్చుకుంటే వచ్చేవే.

గిరీశాలు ఇంకా ఉన్నారు

గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ మొదటిసారి రంగస్థలం ఎక్కింది 1892లో, మన విజయనగరంలోనే. అందులో గిరీశం చేతిలో కత్తి లేదు, కర్ర లేదు. ఉన్నదల్లా నోరు. కుర్రవాడైన వెంకటేశాన్ని గొప్ప మాటలతో బుట్టలో వేసుకుని, ఊళ్లో బాకీలవాళ్లకి మొహం చాటేసి, చదువు చెప్పే వంకతో వాడితోపాటే కృష్ణరాయపురం అగ్రహారం చేరిపోతాడు. అక్కడ నాలుగు ఇంగ్లీషు ముక్కలు వినపడేసరికి వెంకమ్మగారు మురిసిపోతుంది.

నగరంలో మనల్ని ముంచేవాడిదీ ఇదే వరస. మొదట మనకంటే ఎక్కువ తెలిసినవాడిలా కనపడతాడు. తర్వాత మన మేలు కోరేవాడిలా మాట్లాడతాడు. ఆఖరికి తొందరపెడతాడు. ‘ఇదొక్క రూమే ఉంది సార్.’ ‘ఈ రేటు ఇప్పుడైతేనే.’ ‘అయిదు నిమిషాల్లో కౌంటర్ మూసేస్తారమ్మా.’

తొందరపెట్టే ప్రతి మాటకీ ఒకటే జవాబు దగ్గర పెట్టుకోండి: ‘ఆలోచించుకుని చెప్తాను.’ అని నాలుగడుగులు పక్కకి వేయండి. ఆ తొందర నిజమే అయినా నాలుగడుగుల్లో కొంప మునిగిపోదు. అబద్ధమైతే మూడో అడుగుకే రేటు తగ్గుతుంది.

యాస దాచకండి, నోరు దాచకండి

సినిమాల్లో శ్రీకాకుళం యాసని నవ్వులాటకి వాడీ వాడీ, మనవాళ్లలో చాలామందికి నగరంలో నోరు తెరవాలంటేనే జంకు పుట్టించేశారు. ‘ఏటి బావూ, ఈ బస్సు దిల్‌సుఖ్‌నగర్ ఎల్తాదా?’ అంటే ఎవరు నవ్వుతారోనని, అడక్కుండా ఎక్కేసి ఊరికి అవతలి కొసన దిగేవాళ్లున్నారు. నవ్వేవాడు ఒక్క క్షణం నవ్వుతాడు. దారి మాత్రం చెప్తాడు. తప్పు బస్సు ఎక్కితే పోయేది సగం రోజు. ఏది నయమో లెక్క వేసుకోండి.

అడగడానికీ ఒక పద్ధతుంది. తనంతట తాను దగ్గరికొచ్చి ‘ఎక్కడికెళ్లాలి?’ అన్నవాణ్ని పక్కన పెట్టండి. ఎవర్ని అడగాలో మీరే ఎంచుకోండి. కొట్లో కూర్చున్న మనిషి, ఆర్టీసీ కండక్టర్, ట్రాఫిక్ కానిస్టేబుల్, పిల్లలతో నిలబడ్డ కుటుంబం... వీళ్లెవరూ మీకోసం కాచుకుని కూర్చున్నవాళ్లు కారు.

రెండో సంగతి, జవాబు మీరే అందించకండి. ‘ఇది సికింద్రాబాద్ బస్సేనా?’ అంటే తలూపేయడం తేలిక. ‘ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది?’ అనండి. ఊరి పేరు అవతలివాడి నోటినుంచే రావాలి. ‘మిమ్మల్ని పంపింది మా చిన్నాన్నేనా?’ అని ఎవర్నీ అడగొద్దు. ‘మిమ్మల్ని ఎవరు పంపారు?’ అనే అడగండి.

బయల్దేరే ముందు అరగంట

‘శ్రీకాకుళం రోడ్’ అని బోర్డున్న స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఇది తెలియక తికమకపడే బయటివాళ్లని చూసి మనం నవ్వుకుంటాం. హైదరాబాద్‌లో మన వంతు వస్తుంది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి ఉండగా, 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా వచ్చి చేరింది. టికెట్ మీద ఏ స్టేషన్ రాసుందో బయల్దేరకముందే చదవండి. బావగారు సికింద్రాబాద్‌లో కాచుకుని ఉంటే మీరు అర్ధరాత్రి చర్లపల్లిలో దిగి ఫోన్లు చేసుకోవడం ఎవరికీ మంచిది కాదు. కొత్త ఊళ్లో పగటిపూట దిగేలా బండి చూసుకుంటే సగం సమస్యలు పుట్టవు.

మిగిలిన పనులు చకచకా కానివ్వండి.

నాలుగు ముఖ్యమైన నంబర్లు, దిగబోయే చోటి చిరునామా కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. ఫోన్ పోయినా, చార్జింగ్ అయిపోయినా ఆ కాగితమే దిక్కు. పిల్లల జేబులోనూ, ముసలివాళ్ల జేబులోనూ ఒక్కో చీటీ ఉండాలి.

డబ్బు ఒకేచోట పెట్టొద్దు. ఖర్చుకి కొంత పైజేబులో, అసలుది లోపలి జేబులో, ఆపదకి కొంత మరో మనిషి దగ్గర. పదిమందిలో పర్సు తెరిచి నోట్లు లెక్కపెట్టాల్సిన అవసరం రాకూడదు.

ఫోన్‌లో *#06# నొక్కితే కనిపించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు రాసి ఇంట్లో ఉంచండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఈ నంబరుతో దాన్ని పనిచేయకుండా ఆపించవచ్చు.

ఎక్కడ ఉంటారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికైనా తెలిసుండాలి. పెద్దవాళ్లకి చెప్పి వెళ్లడం చిన్నతనమేమీ కాదు. మీరు వేళకి రాకపోతే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకి తెలుస్తుంది.

రైల్లో మర్యాద, రైల్లో జాగ్రత్త

రాత్రి ప్రయాణంలో పెద్ద సంచిని కింది బెర్తు అడుగున ఉండే కొక్కేనికి గొలుసేసి తాళం పెట్టండి. డబ్బు, మందులు, కాగితాలు ఉన్న చిన్న సంచి తల కిందే ఉండాలి. బండి స్టేషన్ నుంచి కదిలే క్షణమే లాక్కుపోయేవాడికి అనువైన వేళ. ఆ సమయంలో కిటికీ పక్కన మెడలో గొలుసు కనపడేలా కూర్చోవడం, గుమ్మంలో నిలబడి ఫోన్ మాట్లాడటం మానండి.

తిండి విషయానికొస్తే కాదనే ధైర్యం కావాల్సింది ఇక్కడే. మన ఊళ్లలో పెట్టినది తినకపోతే అవమానం. రైల్లో ఆ లెక్క చెల్లదు. ‘కడుపు నిండుగా ఉందండి, వద్దు’ అని నవ్వుతూ చెప్పండి. మంచివాడైతే నొచ్చుకోడు. రెండోసారి, మూడోసారి కూడా బలవంతం చేస్తే మాత్రం అప్పుడు జాగ్రత్త పడండి.

ఏ ఇబ్బంది వచ్చినా రైల్వే హెల్ప్‌లైన్ 139. నడుస్తున్న బండిలో దొంగతనం జరిగితే ఫిర్యాదు కోసం దిగిపోనక్కర్లేదు. టీటీఈ దగ్గరో, కాపలాకొచ్చిన పోలీసుల దగ్గరో ఫారం అడిగి రాసిచ్చి ప్రయాణం సాగించవచ్చు.

దిగిన మొదటి పది నిమిషాలు

బండి దిగగానే గుంపుతో పాటు పరుగు తీయకండి. పక్కనున్న బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగండి. సామాన్లు లెక్కపెట్టుకోండి. ఎటు వెళ్లాలో ఫోన్‌లో ఇక్కడే చూసుకుని, అప్పుడు లేవండి. గేటు బయట నిలబడి నాలుగు దిక్కులా చూసేవాణ్ని పది జతల కళ్లు కనిపెడతాయి.

ప్రీపెయిడ్ కౌంటర్ ఉంటే దానికే వెళ్లండి. లేకపోతే ఆటో ఎక్కకముందే రేటు తేల్చుకోండి. తలకా, మొత్తం అందరికా, సామానుకి వేరేనా అన్నది కూడా అప్పుడే అడగాలి. యాప్‌లో బుక్ చేస్తే బండి నంబరు కలిసిందో లేదో చూసి, ఎక్కాకే ఓటీపీ చెప్పండి. బండి నంబరు ఇంటికి పంపండి. ఆ పని డ్రైవర్‌కి వినపడేలా చేస్తే ఇంకా మంచిది: ‘ఆటో ఎక్కాం మావయ్యా, నంబరు పంపాను చూడండి.’

గది తాళం తీసుకున్నాక

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి భవనం కింది భాగంలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ పైకి, లాడ్జిలోకి ఎక్కింది. 8 మంది చనిపోయారు. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు మంటని చూడకముందే పొగ వాళ్లని కమ్మేస్తుంది. లాడ్జి మంటల్లో అసలు ప్రమాదం అదే.

కాబట్టి గదిలో సంచి పెట్టి, ముందు వరండాలోకి రండి. మెట్లు ఎటున్నాయి? రెండో దారి ఉందా? ఆ తలుపుకి తాళం వేసి ఉందా? మీ గది నుంచి మెట్లకి మధ్య ఎన్ని తలుపులు? ఇవి చూడటానికి రెండు నిమిషాలు చాలు. రెండో దారి లేకపోతే, కింది అంతస్తులో బ్యాటరీలో, గ్యాస్ బండలో నిల్వ ఉంటే, ‘ఈ గది వద్దండీ’ అని చెప్పే హక్కు మీకుంది. బేరం కుదిరాక వెనక్కి తగ్గడం నామోషీ అనుకోకండి.

పొగ వస్తే లిఫ్ట్ ఎక్కొద్దు. తడి తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, వంగి నేలకి దగ్గరగా మెట్ల వైపు కదలండి. మెట్లే పొగతో నిండి ఉంటే గదిలోకొచ్చి, తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కి, కిటికీలోంచి కేకలేయండి.

జనం మధ్యలో

పైడితల్లమ్మ సిరిమాను చూసి పెరిగిన విజయనగరం వాళ్లకి జనం కొత్త కాదు. ఆ అలవాటే ఒక్కోసారి ముప్పు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో క్యూలైన్ పక్కన గోడ కూలి ఏడుగురు పోయారు. అదే ఏడాది నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, మన కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట 9 మందిని బలి తీసుకుంది. గోడలు కట్టాల్సినవాళ్లు, జనాన్ని అదుపు చేయాల్సినవాళ్లు జవాబు చెప్పాల్సిందే. ఆ జవాబు వచ్చేలోగా మన ప్రాణం మనం కాచుకోవాలి.

గుంపులోకి వెళ్లేముందే బయటికి దారేదో చూసుకోండి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. గోడలు, రెయిలింగులు ఆనుకుని నిలబడకండి. పక్కవాడి భుజం మీ భుజానికి తగిలి, మీ అడుగు మీ ఇష్టానికి పడటం లేదనిపించిందంటే అదే హెచ్చరిక. అప్పుడే పక్కకి, అంచులవైపు జరుగుతూ బయటపడండి. ఒత్తిడి మరీ పెరిగితే రెండు చేతులూ గుండెకి ముందు మడిచి పట్టుకుంటే ఊపిరికి చోటుంటుంది. తోపుకి ఎదురు తోయొద్దు. జారిపడిన చెప్పు కోసం వంగొద్దు. పిల్లల్ని చేత్తో పట్టుకు నడిపించడం కన్నా ఎత్తుకోవడం మేలు.

అన్నిటికన్నా కష్టం, ‘ఇవాళ దర్శనం వద్దు, వెనక్కెళ్లిపోదాం’ అనగలగడం. ఇంతదూరం వచ్చాం కదా అన్న మాట చాలా ప్రమాదకరమైన మాట. దేవుడు రేపూ ఉంటాడు.

సముద్రం మనకి తెలుసనుకోవద్దు

కళింగపట్నం, బారువ తీరాల్లో పెరిగినవాళ్లం, విశాఖ సముద్రం మనకేమిటి కొత్త అనుకుంటారు కుర్రాళ్లు. ఆర్కే బీచ్, యారాడ, రుషికొండల దగ్గర ప్రతి సెలవుల సీజన్‌లోనూ ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపే. ఒడ్డుకి వచ్చిన నీరు ఒక్కోచోట వేగంగా లోపలికి పోతూ ఉంటుంది. పక్కన అలలు విరుగుతుంటే అక్కడ మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివాడు అదే మంచి చోటనుకుని దిగుతాడు.

ఆ లాగుడులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీది అలిసిపోవద్దు. తీరానికి సమాంతరంగా పక్కకి ఈదితే లాగుడు వదిలేస్తుంది, అప్పుడు ఒడ్డుకి రావచ్చు. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి కేకవేయాలి. హెచ్చరిక బోర్డున్నచోట దిగనే కూడదు. స్నేహితులు ‘పిరికోడా’ అంటారని దిగినవాళ్ల ఫొటోలు మర్నాడు పేపర్లో చూస్తున్నాం. పదిమంది దిగుతుంటే ‘నేను రాన్రా’ అని ఒడ్డున నిలబడ్డవాడే ఆ బృందంలో అసలు మగాడు.

ఫోన్‌లోంచి వచ్చే దొంగ

డబ్బు మనకి రావాలంటే పిన్ నొక్కనక్కర్లేదు. పిన్ నొక్కితే మన డబ్బు పోతుందనే అర్థం. ఈ ఒక్క సూత్రం ఇంట్లో అందరికీ నేర్పండి. హోటల్ గది బుకింగ్ రద్దు చేశాం, డబ్బు వెనక్కి పంపుతాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అంటే ఫోన్ పెట్టేయండి. హోటల్ నంబరు కోసం వెతికినప్పుడు మొదట కనపడిన నంబరునే నమ్మకండి. ఆ హోటల్ సొంత వెబ్‌సైట్‌లో చూసుకోండి.

పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో ‘మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, గది దాటొద్దు, ఎవరికీ చెప్పొద్దు’ అనేవాడు పోలీసు కాడు. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు. ఎవరికీ చెప్పొద్దని ఎవడైనా అన్నాడంటే, వెంటనే ఎవరికైనా చెప్పాల్సిన సమయం వచ్చిందన్నమాట. డబ్బు పోయిన మరుక్షణం 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మోసపోయానంటే నలుగురూ నవ్వుతారని రెండు రోజులు దాచుకోవడం దొంగకి మనమిచ్చే గడువు.

ఉద్యోగం ఆశతో వెళ్లే కుర్రాళ్లకి ఇంకో మాట. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఉత్తరాంధ్ర యువకుల్ని కంబోడియా పంపి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించిన ముఠా బాగోతాన్ని 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఊరు దాటించే ఏజెంట్‌ని ‘మీ లైసెన్స్ చూపించండి’ అని అడగండి. విదేశమైతే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని పేరు నమోదై ఉందో లేదో చూసుకోండి. అడిగినందుకు కోపగించుకున్నాడంటే మీకు జవాబు దొరికినట్టే.

ఆడపిల్లలకు, పెద్దలకు

బస్సులో, క్యూలో ఎవడైనా హద్దు దాటితే మొదటి క్షణంలోనే గొంతెత్తాలి. ‘ఏయ్, చెయ్యి తియ్’ అన్న మూడు మాటలు చాలు. సిగ్గుపడాల్సింది వాడు. పక్కనున్నవాళ్లలో ఒకర్ని వేలు చూపించి మరీ పిలవండి: ‘నీలం చొక్కా అన్నయ్యా, కాస్త ఇటు రండి.’ గుంపుని పిలిస్తే ఎవరూ కదలకపోవచ్చు, ఒక్కరిని పిలిస్తే ఆ ఒక్కరూ కదులుతారు. అత్యవసరానికి 112, మహిళలకి 181, పిల్లలకి 1098, అంబులెన్స్‌కి 108. హైదరాబాద్‌లో 2014 నుంచి మహిళల రక్షణకి పోలీసుల షీ టీమ్స్ పనిచేస్తున్నాయి.

వైద్యానికి వెళ్లే పెద్దవాళ్లు పెద్దాసుపత్రుల ఆవరణలో ‘నాకు లోపల తెలిసినవాళ్లున్నారు, నేను చూసుకుంటాను’ అంటూ వచ్చేవాళ్ల చేతికి కాగితాలు ఇవ్వకూడదు. చీటీ, రిపోర్టు, డబ్బు ఈ మూడూ కౌంటర్‌లోనే ఇచ్చి రసీదు తీసుకోవాలి. చదవడం రాకపోతే ‘బాబూ, ఇది కాస్త చదివి పెట్టు’ అనడంలో చిన్నతనం లేదు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లినప్పుడు ‘ఇది మా పరిధి కాదు’ అని పంపించేస్తే తలొంచుకుని వచ్చేయొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ‘జీరో ఎఫ్ఐఆర్ రాయండి సార్’ అని మర్యాదగానే, గట్టిగానే అడగండి.

సాధన ఊళ్లోనే మొదలుపెట్టండి

ఇదంతా చదివి నగరమంటే భయపడితే ఈ వ్యాసం దండగ. మనకి దారి చూపించేది, పడిపోతే లేపేది, పోయిన పర్సు తెచ్చిచ్చేది కూడా ఆ నగరంవాళ్లే. చెడ్డవాళ్లు కొద్దిమంది. మొహమాటం లేనివాణ్ని వాళ్లు దూరం నుంచే గుర్తుపట్టి తప్పుకుంటారు.

ఆ గుణం హైదరాబాద్‌లో దిగిన రోజున హఠాత్తుగా రాదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో ఈ వారమే మొదలుపెట్టండి. ఒక కొట్లోకి వెళ్లి నాలుగు వస్తువుల రేట్లు అడిగి, ఏమీ కొనకుండా ‘వద్దండీ, వస్తాను’ అని బయటికి రండి. మొదటిసారి చెవులు వేడెక్కుతాయి, మూడోసారికి ఏమీ అనిపించదు. తెలియని మనిషిని దారి అడగండి. తప్పు చిల్లర ఇస్తే అక్కడే నిలబడి లెక్క చెప్పించండి. చదువుకుంటున్న పిల్లలుంటే వాళ్లచేత ఇవన్నీ చేయించండి. బయట మీరు మాట్లాడుతూ వాళ్లని వెనక నిలబెట్టుకుంటే వాళ్లకి ధైర్యం రాదు.

ఈసారి టికెట్ బుక్ చేసిన రోజునే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి 112, 139, 1930 నంబర్లు చూడకుండా చెప్పించండి. ‘ఆలోచించుకుని చెప్తాను’, ‘వద్దండీ’, ‘ఏయ్, చెయ్యి తియ్’ అన్న మూడు మాటలు ఒక్కొక్కరిచేత గట్టిగా, పక్కింటికి వినపడేలా అనిపించండి. ఆ తర్వాతే సంచి సర్దడం మొదలుపెట్టండి.